ఆరుగురి పని

అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిముల సాఫ్ట్‌వేర్‌ని జ్ఞానప్రసూన పదకొండేళ్ళుగా చూస్తోంది. ఆ పనిని గ్రీసుకు తరలించాలని పైవాళ్ళు నిర్ణయించాక, అక్కడివాళ్ళకు నేర్పే బాధ్యత కూడా ఆమెకే ఇచ్చారు. ఆఫీసులో దాన్ని కేటీ అంటారు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్‌కి పొట్టిపేరు. ఆరు వారాలు నేర్పాక, నేర్చుకున్న మనిషి అంతా తిరిగి ఒప్పజెప్పాలి. అది రివర్స్ కేటీ. నేర్పినవాళ్ళు షీటులో పచ్చరంగు పెడితే పని చేతులు మారినట్టు.

గ్రీసు ఆమెకు కొత్త కాదు. 2012లో హైదరాబాదు కంపెనీ ఒకటి ఆమెను అక్కడి థెస్సలొనీకి నగరానికి పంపింది. అప్పుడు ఒక బ్యాంకు పని అక్కడి నుంచి హైదరాబాదుకు వెళ్తోంది. ఆమెకు నేర్పిన పెద్దాయన రోజూ ముందు అరగంట ఫోను చేసుకునేవాడు, తల్లి మందులు ఏ షాపులో ఉన్నాయో కనుక్కోవడానికి. దేశం అప్పుల్లో మునిగిన రోజులవి; ప్రభుత్వం పెన్షన్లు కోసింది, జీతాలు కోసింది. బ్యాంకుల్ని మాత్రం పడిపోనివ్వలేదు. చివరి రోజు పచ్చరంగు పెడుతూ ఆయన, "ఈ పని ఎంతమందిమి చేసేవాళ్ళమో నువ్వు ఒక్కసారీ అడగలేదు" అన్నాడు. పద్నాలుగు మంది. హైదరాబాదులో నలుగురే చేశారు. ఆ నలుగురిలో ఆమె ఒకతె.

అప్పటి నుంచి ఆమె యూరప్ వార్తల్ని సొంతూరి వార్తల్లా చదువుతుంది. తెలుగువాళ్ళ పాట్‌లక్ విందులో ఎవరైనా "గ్రీకులు బద్ధకస్తులు, అందుకే మునిగారు" అంటే ప్లేటు పక్కన పెట్టి వాదిస్తుంది. వెనకాల ఆమెను కామ్రేడ్ ఆంటీ అంటారు.

గురువారం మేనేజర్ శశికాంత్ కాఫీ కప్పుతో ఆమె సీటు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, రేపు గ్రీన్ పెట్టెయ్. నీకు ఇక్కడే పక్కన ప్లేనోల ఇంకో ప్రాజెక్ట్ మాట్లాడిన. లేకుంటే ఉద్యోగం పోయినంక వీసా మీద అరవై రోజులే ఉండనిస్తరు."

"అక్కడ ఎంతమందిని పెడుతున్నారు శశీ?"

"ఇద్దర్ని."

"ఇక్కడ ఆరుగురం."

"ఆ ముచ్చట కాల్‌లో తియ్యకు. రికార్డ్ అయితది. ఆ గ్రీసోళ్ళు సోమవారం అగ్రిమెంట్ సైన్ చెయ్యాలె."

"సైన్ చేశాక తెలిస్తే చాలన్నమాట."

"అబ్బా, నీ రెవల్యూషన్ మంగళవారం నుంచి పెట్టుకో అక్కా. ఎవరొద్దన్నరు?"

సాయంత్రం ఆమె కూతురు హంసికకు విషయం చెప్పింది. హంసికది ట్వెల్త్ గ్రేడ్.

"నా గ్రాడ్యుయేషన్ మేలో అమ్మా. మనం అప్పటికి ఇక్కడ ఉంటామా?"

"తెలీదు."

హంసిక చేతిలో ఫోను బోర్లా పెట్టింది. "నువ్వు వాళ్ళకి ఆ నంబర్ చెప్పకపోతే మాత్రం ఇంట్లో ఇంకో టెన్ ఇయర్స్ గ్రీస్ గురించి నేనే వినాలి" అంది. నవ్వడానికి ప్రయత్నించింది కానీ నవ్వు రాలేదు.

శుక్రవారం కాల్‌లో, ఆరు వారాలుగా నేర్చుకుంటున్న దెస్పీనా అనే అమ్మాయి థెస్సలొనీకి నుంచి రెండు గంటలు ఒప్పజెప్పింది. ఒక్క తప్పూ లేదు. శశికాంత్ మ్యూట్‌లో వింటున్నాడు.

"ఇంకేమైనా అడగాలా?" అంది జ్ఞానప్రసూన.

"లేదు."

"అయితే నేనే చెప్తాను. ఇక్కడ ఈ పని ఆరుగురం చేస్తున్నాం. నెలాఖరులో శని, ఆదివారాలు కూడా."

స్క్రీన్ మూల శశికాంత్ మెసేజ్ మెరిసింది: అక్కా ప్లీజ్.

"అక్కడ మీ ఇద్దర్నే పెడుతున్నారని మావాళ్ళు అన్నారు. సోమవారం సంతకానికి ముందు మిగతా నలుగురు ఎక్కడని అడగండి."

దెస్పీనా పెన్ను తీసుకుంది. "ఆ అంకె ఇంకోసారి చెప్తారా?"

"ఆరు."

కాల్ అయ్యాక జ్ఞానప్రసూన షీటు తెరిచింది. నేర్చుకున్న వరుసలన్నిటికీ పచ్చరంగు పెట్టింది. ఆ పిల్ల నిజంగానే నేర్చుకుంది. సిబ్బంది వరుసలో రెండు తీసేసి ఆరు వేసి, ఎర్రరంగు పెట్టింది. కింద తన పేరు పూర్తిగా టైప్ చేసింది.

శశికాంత్ వచ్చి నిలబడ్డాడు. "ప్లేనో పోయినట్టే అక్కా."

"తెలుసు. కేటీ రికార్డింగ్ రెండు టీముల్లోనూ అందరికీ పంపాలి కదా, రూల్ ప్రకారం?"

"పంపాలె."

"పంపు మరి."