బాతుల వేటలో చక్కెర పొంగలి

మొన్న మా అమ్మాయి తన కుక్కపిల్లను నాలుగు రోజులు మా ఇంట్లో వదిలి వెళ్తూ ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించింది. కుక్కకు ఏమేమి పెట్టకూడదో వరసగా రాసి, మొదటి రెండింటి కింద ఎర్రగా గీత గీసింది. ద్రాక్షపళ్ళు, కిస్మిస్. "అమ్మా, ప్లీజ్, పాపం అని ఏం పెట్టకు, ఓకే?" అని గుమ్మం దగ్గర మరోసారి హెచ్చరించింది. నేను బుద్ధిగా తలూపాను. ఆ విషయం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని, అది తను రెండో క్లాసులో ఉండగానే ఎడారి మధ్యలో నాకు బోధపడిందని మా అమ్మాయికి తెలియదు. ఇన్నేళ్ళూ చెప్పుకోవడానికి సిగ్గేసింది. నాతోపాటు ఆ రోజుల్లో ఈ దేశానికి వచ్చి, పిల్లల్నీ ఉద్యోగాల్నీ ఎలాగోలా నెట్టుకొచ్చిన మీకు చెబితే కాస్త అర్థం చేసుకుంటారు.

అప్పటికి ఎడారిని ఆనుకున్న చాండ్లర్‌లో ఇల్లు కొనుక్కొని రెండేళ్ళయింది. కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో నాది పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం మూడు రోజులు, మరో వారం నాలుగు రోజులు. మా ఆయన ఆఫీసు ఊరికి అటు చివర. బడి వదిలాక పాపను చూసుకునే దిక్కు లేక అల్లాడుతుంటే, మా పక్కింటావిడ, బడి బస్సు నడిపి రిటైరైన అమెరికన్ పెద్దావిడ, ఒకరోజు తనంతట తానే గోడ మీదుగా తొంగిచూసి, నా దగ్గర ఉంచరాదా అన్నది. ఆ మాటతో మా ఇల్లు నిలబడింది. ఆవిడకు మాత్రం రోజీ అనే లాబ్రడార్ కుక్క, చలికాలం బాతుల వేట, ఈ రెండే లోకం. ఎడారిలో బాతులేమిటని నేనూ మీలాగే అనుకున్నాను. శీతాకాలం వానలకు పశువుల కోసం గట్టు కట్టిన గుంటలు నిండుతాయి, చుట్టూ ఎక్కడా నీటిచుక్క ఉండదు కాబట్టి ఉత్తరం నుంచి వచ్చే బాతులన్నీ అక్కడే దిగుతాయి.

ఆవిడతో ఎప్పుడూ వేటకు వెళ్ళే తమ్ముడికి ఆ ఏడాది ఒంట్లో బాగాలేదు. ఆవిడకేమో మోకాలి ఆపరేషన్ అయి ఆరు నెలలే అయింది, నీళ్ళలో ఒంటరిగా దిగకూడదన్నారు. నేను పడిపోతే గట్టు మీదనుంచి కేకెయ్యడానికి ఒక మనిషి ఉంటే చాలు, వస్తావా అని నన్నడిగింది. కాదనడానికి నాకు నోరెక్కడిది? మా ఆయన మాత్రం పడీపడీ నవ్వారు. "ఇంట్లో తేలు కనబడితే నన్ను కేకేస్తావు, నువ్వు హంటింగ్‌కి వెళ్తావా?" అన్నారు. గుడ్డు కూడా తినని ఇంట్లో పుట్టినదాన్ని, నేను తుపాకీ ముట్టుకోనని ఆవిడకు ముందే చెప్పాను. ఆవిడ ముట్టుకోవద్దనే అన్నది.

అది ధనుర్మాసం. మా అత్తగారు ఫోన్ చేసి ఇవాళ నైవేద్యం ఏం పెట్టావని ఆరా తీసేవారు కాబట్టి, ఆ నెలంతా తెల్లవారకముందే స్నానం చేసి పొంగలి వండేదాన్ని. వేటకు వెళ్ళిన రోజు చక్కెర పొంగలి. ఇండియాలో ఉండగా కిస్మిస్ నాలుగంటే నాలుగు, నేతిలో వేయించి పైన అలంకారంగా వేసేవాళ్ళం. ఇక్కడ పెద్ద సంచీతో కొనే వైభోగం వచ్చింది కదా, పాపకు ఇష్టమని గుప్పెళ్ళతో వేసేదాన్ని. దేవుడికి పెట్టి, ఇంట్లోవాళ్ళకు తీసి, మిగతాది స్టీలు డబ్బాలో సర్దుకొని ఆవిడ పికప్ ట్రక్కెక్కాను.

ఊరు దాటి, హైవే దిగి, గంటసేపు మట్టిరోడ్డు మీద ఎముకలు కదిలేలా వెళ్ళాక గుంట వచ్చింది. అక్కడ ఆవిడ కుక్కకు బట్టలు తొడగడం నేను నోరు తెరుచుకొని చూశాను. ముందు ఒంటికి మందపాటి రబ్బరు కోటు, పొట్ట కింద జిప్పు, ఆపైన నాలుగు కాళ్ళకూ నాలుగు బూట్లు, ఒక్కోటి లాగి చూసి పట్టీ బిగించడం. ఫ్యాక్టరీలో మేము టోపీ, మాస్కు, సూటు, బూట్లు, గ్లవుజులు ఒక వరసలో తొడుక్కొని గానీ లోపల అడుగుపెట్టం, అక్కడ వరస తప్పితే సూపర్‌వైజర్ వెనక్కి పంపేస్తాడు. ఆవిడ పద్ధతి అచ్చం అలాగే ఉండటం చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నా వంతుగా మోకాళ్ళ దాకా పాము కోరలు దిగని తొడుగులు, కళ్ళద్దాలు, చెవులకు డిప్పలు. ఆ గుంట చుట్టూ ఉన్న ముళ్ళజెముడును అక్కడ చోయా అంటారు, దాని ముళ్ళు తగిలితే చాలు పట్టుకుంటాయి, లాగితే చర్మంతో వస్తాయి. అందుకని ఆవిడ జేబులో ఒక దువ్వెన, ఒక పట్టకారు కూడా ఉన్నాయి. ఇన్ని జాగ్రత్తలున్నచోట ఇంక ఏం జరుగుతుందిలే అనుకున్నాను.

తెల్లవారుతుండగా మొదటి తుపాకీ చప్పుడుకి ఎగిరిపడ్డాను. రెండు బాతులు నీళ్ళలో పడ్డాయి, రోజీ ఈదుకెళ్ళి తెచ్చింది. మూడోది గట్టు అవతల చోయా పొదల్లో పడింది. ఆవిడ చెయ్యి చూపించగానే కుక్క సూటిగా ఆ ముళ్ళలోకి దూరింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది నోట్లో బాతుతో, కోటు నిండా ముళ్ళ గుత్తులతో, తోక ఊపుకుంటూ వచ్చి కూర్చుంది. చర్మానికి ఒక్కటీ తగల్లేదు. ఆవిడ పట్టకారుతో ఒక్కొక్కటీ పీకి, కుక్కను నా పక్కన కూర్చోబెట్టి, అసలు బాతుల్ని ఆకర్షించడానికి నీళ్ళలో వదిలిన ప్లాస్టిక్ బాతుల్ని ఏరడానికి ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగుతో గుంటలోకి దిగింది.

నాకు ఆకలేసింది. డబ్బా తెరిచాను. కుక్క చూసింది. అడగలేదు, మొరగలేదు, చలికి వణుకుతూ నా చేతివైపు అలా చూస్తూ కూర్చుంది. ఎదురుగా ఒక ప్రాణి చూస్తుంటే నోట్లో ముద్ద పెట్టుకోవడం మన ఇళ్ళలో ఎవరికి చాతనవుతుంది చెప్పండి. పైగా ప్రసాదం, నలుగురికీ పంచాల్సింది. పెద్దావిడకు షుగర్ జబ్బు, తినదు. అక్కడ పంచడానికి మిగిలింది రోజీయే. ఒక ముద్ద పెట్టాను, మింగింది. ఇంకోటి పెట్టాను. నెయ్యి, బెల్లం వాసనకు దాని కళ్ళు అరమూతలు పడుతుంటే నాకు ముచ్చటేసి, పొద్దున్నుంచీ పనిచేసిన ప్రాణి అనుకుంటూ సగం డబ్బా దానికే పెట్టేశాను. నేను తినగా అడుగున అంటుకున్నది నాకనిచ్చాను కూడా.

ఆవిడ వచ్చి కుక్క కోటు విప్పబోతూ ఆగిపోయింది. ఛాతీ దగ్గర నల్లటి రబ్బరు మీద ఉబ్బిన కిస్మిస్ ఒకటి అంటుకొని ఉంది. దాన్ని వేలితో తీసి, వెలుగులో చూసి, ఇది తిన్నదా అని అడిగింది. అవునన్నాను నవ్వుతూ. ఆవిడ ముఖంలో రంగు పోయింది. కుక్కలకు ఇది విషం, మూత్రపిండాలు పాడైపోతాయి, ఎంత పెట్టావు అన్నది. నా నోటి నుంచి వచ్చిన మాట, ఒక స్పూను. ఎందుకలా అన్నానో అప్పుడు ఆలోచించుకోలేదు. ఆ ముఖం చూశాక సగం డబ్బా అనే మాట గొంతు దాటలేదు, అంతే.

ట్రక్కులో మందుల పెట్టె తీసి, కుక్కను కక్కించడానికి గాయాలు కడిగే పెరాక్సైడ్ మందు నోట్లో పోసింది. ఆ సీసా ఎన్ని ఎండాకాలాలు ఆ ట్రక్కులో ఉడికిందో, మందు చచ్చి నురగే రాలేదు. రెండోసారి పోసింది. కుక్క మూతి నాకుకొని తోక ఊపింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆవిడ తాళాలు నా చేతిలో పడేసి, నేను దాన్ని పట్టుకుంటాను, నువ్వు డ్రైవ్ చెయ్యి అని వెనక సీట్లోకి ఎక్కింది. నేను అంతవరకూ చిన్న కారు తప్ప నడిపినదాన్ని కాను. ఆ ట్రక్కు సీట్లో కూర్చుంటే నా కాళ్ళు పెడళ్ళకు సరిగా అందలేదు కూడా.

ఆ మట్టిరోడ్డును ఇప్పటికీ కలలో నడుపుతుంటాను. నిదానంగా పోతే టైము పోతుంది, వేగంగా పోతే గుంతల్లో బండి ఎగిరి పక్కకి జారుతుంది. నీళ్ళు లేని ఇసుక వాగు ఒకటి అడ్డం వచ్చింది. ఆగకు, ఆగితే దిగబడతాం అని వెనకనుంచి అరిచింది. చక్రాలు ఇసుకలో ఊగుతుంటే వెంకటేశ్వరస్వామిని తలుచుకొని తొక్కాను, బండి మూలుగుతూ అవతలి ఒడ్డెక్కింది. ఆవిడ పదేపదే ఫోన్ చూసుకుంటోంది, కుక్క చెవిలో ఏదో గొణుగుతోంది. 

హైవే కనబడేసరికి సిగ్నల్ వచ్చింది. జంతువుల ఎమర్జెన్సీ ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. కుక్క బరువెంత, ఎంతసేపయింది, ఎంత తిన్నది అని అవతలినుంచి అడిగారు. ఆవిడ ఒక్కొక్కటీ చెప్పి, ఒక స్పూను అన్నం, అందులో రెండో మూడో కిస్మిస్ అన్నది. అవతలి గొంతు తేలికపడింది. అంత పెద్ద కుక్కకు ఆ కాస్త అయితే ఎమర్జెన్సీకి పరిగెత్తక్కర్లేదేమో, మీ మామూలు డాక్టర్‌కి చూపించి గమనిస్తూ ఉండమన్నారు. ఆవిడ పెద్దగా ఊపిరి వదిలి, నా భుజం మీద చెయ్యి వేసి, ఇక మెల్లగా పోనీ అన్నది.

నేను యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీశాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ట్రక్కు నెమ్మదించింది, నేనూ నెమ్మదించాను. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రేపో ఎల్లుండో కుక్క పోతే, దాని ఖర్మ, రెండు కిస్మిస్‌లకే పోయింది అనుకుంటారు. ఆవిడ మా పాపను ఎప్పటిలా చూసుకుంటుంది. ఒక మైలు దూరం నేను అలాంటి మనిషినై బండి నడిపాను. అద్దంలో చూస్తే రోజీ ఆవిడ ఒళ్ళో తల పెట్టుకొని నావైపే చూస్తోంది, దాని చూపులో ఇంకా ఆ డబ్బా మీది ఆశే ఉంది.

"స్పూను కాదు," అన్నాను. "సగం డబ్బా పెట్టాను. అందులో గుప్పెడు పైనే ఉంటాయి."

ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. మళ్ళీ ఆసుపత్రికి ఫోన్ చేసి, పొరపాటు చెప్పాను, చాలా తిన్నది, ఇప్పుడే వస్తున్నాం అన్నది. పొరపాటు చెప్పాను అని తన మీద వేసుకున్నది. కన్నీళ్ళకు నాకు రోడ్డు సరిగా కనబడలేదు, అయినా కాలు మాత్రం అదిమిపట్టాను.

వాళ్ళు కుక్కను లోపలికి తీసుకెళ్ళి ఇంజెక్షన్‌తో కక్కించారు. కాసేపటికి డాక్టరమ్మ ఒక ట్రే తెచ్చి చూపించింది, పసుపుపచ్చని అన్నంలో నేతికి ఉబ్బిన కిస్మిస్‌లు అడుగంతా పరుచుకొని ఉన్నాయి. ఇవి రెండో మూడో అనుకొని ఇంటికి పంపి ఉంటే అని డాక్టరమ్మ అనబోయి, మా ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయింది. రెండు రోజులు సెలైన్ పెట్టి ఉంచాలన్నారు. పాము తొడుగులతో నేను, రబ్బరు తొడుగుతో ఆవిడ, పిల్లుల్ని బుట్టల్లో పెట్టుకొచ్చిన జనం మధ్యన కూర్చున్నాం. ఆవిడ ఒళ్ళో రోజీ బూట్లు నాలుగూ ఉన్నాయి. ఒక్కొక్కదాని పట్టీ విప్పుతూ, మళ్ళీ అతికిస్తూ కూర్చుంది.

మూడోరోజు సాయంత్రం మా తలుపు కొట్టింది. రక్త పరీక్షలు బాగున్నాయి, ఇంటికి తెచ్చాను, తిండి తింటోంది అని చెప్పి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, స్పూను అని ఎందుకన్నావు అని అడిగింది. మీరు మా పాపను ఇంక చూసుకోరేమోనని భయపడ్డాను అన్నాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, సోమవారం బడి ఎన్నింటికి వదులుతారు, అరపూట కదా అన్నది. నేను తలుపు వేసుకొని వంటింట్లో కూర్చొని ఏడ్చాను. ఆ తరువాత మరో రెండుసార్లు నన్ను వేటకు తీసుకెళ్ళింది. నా డబ్బా మాత్రం ట్రక్కులో తాళం వేసి ఉండేది.

ఆరేళ్ళు గడిచాయి. రోజీ ముసలిదైంది, నడుము పడిపోయి లేవలేకపోయేది. ఆవిడ కూతురూ తమ్ముడూ ఫోన్‌లో ఇంకా బాగానే ఉంది కదా అనేవారు, సూది వేసి నిద్రపుచ్చడం నీ ఇష్టం అని డాక్టర్ అన్నాడు. ఒక మధ్యాహ్నం గోడ మీదుగా నన్ను పిలిచింది. వాళ్ళ వంటింట్లో చల్లటి టైల్స్ మీద రోజీ పడుకొని ఉంది. ఆవిడ స్టూలు మీద కూర్చొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని, అందరూ నాకు నచ్చేదే చెబుతున్నారు, నువ్వు చూసి ఉన్నదున్నట్టు చెప్పు అన్నది. నేను నేల మీద కూర్చొని దాని తల నిమిరాను. తోక ఊపబోయింది, ఆ ఊపడానికే మూలిగింది. దానికి చాలా నొప్పిగా ఉంది, మీ కోసమే ఓర్చుకుంటోంది అన్నాను. ఆవిడ తలూపింది. మర్నాడు ఉదయం రోజీని చివరిసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తూ ట్రక్కు నేనే నడిపాను, ఈసారి ఆవిడ తొందరపెట్టలేదు.

ఏడాది తిరక్కుండా ఇల్లు అమ్మి చెల్లెలి దగ్గరికి ఆరిగన్ రాష్ట్రానికి వెళ్ళిపోయింది. రెండేళ్ళు క్రిస్మస్ కార్డులు వచ్చాయి, తరువాత రాలేదు. ఆ గుంట దాకా ఇప్పుడు ఇళ్ళు వచ్చేశాయని మా ఆయన అంటారు, నేను వెళ్ళి చూడలేదు. మా వీధి నిండా ఇప్పుడు మనవాళ్ళే. పండగలకు స్వీట్లు పంచుకుంటాం, వాట్సాప్‌లో దండాలు పెట్టుకుంటాం. వంట ఎలా ఉందని ఎవరైనా అడిగితే బ్రహ్మాండం అంటాను, తమ కోడలు ఎలా ఉందంటే బంగారం అంటాను, వాళ్ళూ నాతో అలాగే అంటారు, ఎవరి మనసూ నొప్పించకుండా మర్యాదగా రోజులు వెళ్ళిపోతున్నాయి. ఉన్నదున్నట్టు చెప్పమని ఈ దేశంలో నన్ను అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే, అదీ నేను ఒకసారి అబద్ధం చెప్పాక.