మా ఆయన ఎడమ చెయ్యి

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గోడకు ఆనుకోండి, ఫ్యాను గాలి అక్కడికి బాగా తగులుతుంది. చేతిలో చిక్కుడుకాయలుంటే ఈనెలు తీస్తూనే వినండి, నేనేమీ అనుకోను.

మా ఆయన మెదక్ బజారులో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆదివారం పొద్దున మాత్రం స్క్రూడ్రైవర్ ముట్టడు. మా బస్తీలో రేకుల కప్పు వేసిన చిన్న చర్చి ఉంది. అందులో ముప్పై ఏళ్ళు హార్మోనియం ఆయనదే. కుడి చెయ్యి మెట్ల మీద, ఎడమ చెయ్యి వెనక గాలి తిత్తి మీద. పాట చల్లబడితే తిత్తి గట్టిగా కొట్టేవాడు, ముసలమ్మలకు ఊపిరి అందకపోతే నెమ్మది చేసేవాడు. పాడేవాళ్ళకు అది తెలిసేది కాదు, నాకు తెలిసేది. పెళ్ళయిన కొత్తలో నేను ఆయన ముఖం చూసేదాన్ని కాదు, సిగ్గు. ఆ ఎడమ చెయ్యినే చూసేదాన్ని.

ఒక వానకాలం ఆ హార్మోనియం పెట్టెకు చెదలు పట్టి తిత్తి జల్లెడైపోయింది. ఇక ఇది లేవదన్నారు. సంఘంవాళ్ళు హైదరాబాద్ నుంచి కొత్త కీబోర్డు తెచ్చారు. థర్మాకోలు లోంచి దాన్ని తీసేటప్పుడు పసిబిడ్డను నీళ్ళ తొట్టిలోంచి ఎత్తినంత భద్రంగా ఎత్తారు.

దానికి ఎడమ పక్కన రెండు చిన్న చక్రాలుంటాయి. మొదటిది తిప్పితే స్వరం పైకో కిందికో వంగుతుంది, వదిలేస్తే మళ్ళీ తన చోటికి వస్తుంది. రెండోది ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది, స్వరంలో వణుకు పుట్టిస్తుంది. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. ఆ మొదటి ఆదివారం మాకెవరికీ తెలియదు.

మా ఆయన పాట ఎత్తుకున్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఎడమ చెయ్యి తిత్తి కోసం వెతుక్కుంటూ పోయి ఆ మొదటి చక్రం మీద పడింది. కొట్టడం మొదలుపెట్టింది. స్వరం బావిలోకి జారి, మళ్ళీ పైకి లేచి, మళ్ళీ జారింది. పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు.

"పాటకు జరమొచ్చిందా ఏంది?" అంది ముందు వరసలో ముసలమ్మ. చర్చి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ప్రార్థన అయ్యాక సంఘపెద్ద మా ఆయన్ని పక్కకు పిలిచాడు. "అన్నా, నీ ఇజ్జత్ తియ్యాలని కాదు. కోత పండుగకు ఊర్ల నుంచి జనమొస్తరు. గప్పటిదాంక చేతికి రాకుంటే రామాయంపేటల ఒకాయన ఉన్నడు, మస్తు కొడ్తడు. ఆయన్ని కూసోబెడ్దం. నువ్వు ముందల నిలవడి పాడు."

"సరే" అన్నాడు మా ఆయన. ఆ మధ్యాహ్నం దుకాణంలో ఒకే మిషన్‌ను మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. పండుగకు నెల రోజులుంది.

కీబోర్డు ఇంటికి తెచ్చుకోనిచ్చారు. నేర్పే మనిషి కూడా ఇంట్లోనే ఉంది. మా కోడలు. తూప్రాన్ పిల్ల, హాస్టల్లో చదివేటప్పుడు పాటల గుంపులో కీబోర్డు వాయించింది. కానీ మా ఇళ్ళల్లో కొత్త కోడలు మామ పక్కన కూర్చోదు, మామతో ఎదురుగా మాట్లాడదు. ఆరు నెలలే అయింది వచ్చి. ఇక చూడండి మా చదువు. ఆయన చాప మీద, కోడలు వంటింటి గడప అవతల, మధ్యలో నేను.

"అత్తమ్మా, గా చక్రం ముట్టొద్దని మామయ్యకు చెప్పుండ్రి."

"ముట్టొద్దంట."

"ఇనబడ్డదని చెప్పు. నేను ముడ్తలేను, చెయ్యే పోతున్నది."

"చెయ్యే పోతున్నదంట బిడ్డా."

"నాకు గూడ ఇనబడ్డదత్తమ్మా!"

ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకోమంటే పాట చచ్చిపోయేది. ఒకే పొడుగున, ఒకే బిగువున, ఇస్త్రీ బట్టలాగా వచ్చేది. నా కొంగుతో ఆ చెయ్యి మోకాలికి కట్టి కూడా చూశాం. కొంగు చిరిగింది.

అట్లా పది రోజులు పోయాయి. ఒకరోజు మధ్యాహ్నం కోడలు గడప మీద నిలబడి ఆ చేతినే చాలాసేపు చూసింది. పిల్లకు ఏం తోచిందో, గబగబా వచ్చి ఆయన పక్కన చాప మీద కూర్చుని బటన్లు నొక్కడం మొదలుపెట్టింది. ఎక్కడ కూర్చుందో తర్వాత తెలిసి గట్టిగా నాలుక కరుచుకుంది. లేవబోయింది.

మా ఆయన తల ఎత్తలేదు. "కూసో బిడ్డా. గిది ఏం చేసినవో జర చెప్పు" అన్నాడు.

ఆ పిల్ల చేసింది ఇది. మొదటి చక్రం ఎంత తిప్పినా స్వరం వంగకుండా సున్నాకు దించింది. రెండో చక్రానికి వణుకు తీసేసి, దాని బదులు శబ్దాన్ని మూసే, తెరిచే పని అప్పగించింది. అది కిందికి ఉంటే పాట దుప్పటి కప్పుకున్నట్టు వినబడుతుంది, పైకి తోస్తే కిటికీ తీసినట్టు తేటగా వస్తుంది. పక్కన తిప్పే గుండీ ఒకటుంది, దాన్ని సగానికి తిప్పింది. అప్పుడు వేలు పెట్టగానే టక్కున కొట్టకుండా, ఊపిరి తీసుకుని లేచినట్టు స్వరం మెల్లగా లేచింది.

"ఇగ కొట్టుండ్రి మామయ్యా, మీ ఇష్టమొచ్చినట్టు."

ఎడమ చెయ్యి పోయి రెండు చక్రాల మీదా పడింది. కొట్టింది. పాట ఉబ్బింది, తగ్గింది, మళ్ళీ ఉబ్బింది. చెదలు తిన్న పెట్టె గొంతు కాదది, అట్లా అని నేను అబద్ధం చెప్పను. కానీ ఊపిరి మా ఆయనదే. నేను పొయ్యి మీద పప్పు మాడగొట్టుకున్నాను ఆ పూట.

ఒక్కటే చిక్కు. "ఆపేస్తే అన్ని మర్చిపోతదత్తమ్మా. మల్ల మొదటి నుంచి పెట్టాలె" అంది కోడలు. పెట్టినదాన్ని అట్లాగే దాచిపెట్టే దారి ఆ పిల్లకూ తెలియలేదు. ఆయనకు బటన్లంటే చిరాకు. రోజూ పెట్టే పని నాకొచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు, అందుకని లెక్క గుర్తుపెట్టుకున్నాను. ఎర్ర దీపం కింది బటన్ నొక్కి, కుడి బాణం ఏడుసార్లు. మేం అక్కచెల్లెళ్ళం ఏడుగురం. కింది బాణం రెండుసార్లు, నా ఇద్దరు కొడుకులు. మళ్ళీ కుడి బాణం మూడు, పొయ్యి రాళ్ళు. పై బాణం నాలుగు, మంచం కోళ్ళు. చివరికి గుండీ సగం.

కోత పండుగ వచ్చింది. వరి కంకులు, గుమ్మడికాయలు, బెల్లం, కాళ్ళు కట్టిన కోళ్ళు అన్నీ ముందర కుప్ప పోశారు. శివ్వంపేట వైపు ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. రామాయంపేట ఆయన్ని కూడా పిలిచారు, చుట్టంలాగా మొదటి వరసలో కూర్చున్నాడు. మా కోడలు మాత్రం అక్క కాన్పని తూప్రాన్ పోయింది.

జనం రాకముందే నేను పోయి లెక్కంతా నొక్కి పెట్టాను. రెండు పాటలు బ్రహ్మాండంగా అయ్యాయి. మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ వేశారు, కీబోర్డు పెట్టినవన్నీ మర్చిపోయి మళ్ళీ వెలిగింది. మా ఆయన వేలు పెట్టగానే గాజు పగిలినట్టు పియానో మోగింది. ఎడమ చెయ్యి కదిలింది, స్వరం బావిలోకి జారింది.

సంఘపెద్ద రామాయంపేట ఆయన వైపు చూశాడు. ఆయన సగం లేచాడు. మా ఆయన కూడా లేవడానికి చాప మీద చెయ్యి ఆనించాడు.

నా ఒళ్ళో ఎవరిదో కోడి ఉంది. పక్కామెకు ఇచ్చేసి ఆడవాళ్ళ చాప మీద నుంచి లేచాను. పండుగ రోజు అంతమంది ముందు అట్లా నడవడం నాకు అదే మొదలు. పోయి కీబోర్డు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఏం చేస్తున్నవమ్మా? ఇటియ్యి, నేను పెడ్త" అన్నాడు రామాయంపేట ఆయన, మంచిగానే.

"జర ఊకో తమ్మీ, లెక్క తప్పుతది."

తప్పింది కూడా. అక్కచెల్లెళ్ళ దగ్గరే తప్పింది. మళ్ళీ మొదటి నుంచి, పెద్దక్క పేరుతో మొదలుపెట్టి నా పేరు దాకా లోపల్లోపల చదువుకుంటూ నొక్కాను. ఇద్దరు కొడుకులు. మూడు రాళ్ళు. నాలుగు మంచం కోళ్ళు. గుండీ సగానికి తిప్పి చెయ్యి తీశాను.

మా ఆయన నన్ను చూడలేదు. ఆగిన చరణం దగ్గరే అందుకున్నాడు. పాట మెల్లగా లేచింది, చెయ్యి కొట్టింది, చర్చి పాడింది.

భోజనాల ముందు రామాయంపేట ఆయన వచ్చి ఆ చక్రం మీద తానూ చెయ్యి వేసి చూశాడు. పాట ఎగిరెగిరి పడింది. "ఇది నాతోని కాదన్నా, నువ్వు తిత్తి కొట్టిన మనిషివి" అన్నాడు. సంఘపెద్ద అక్కడే గుమ్మడికాయ చంకన పెట్టుకుని నిలబడ్డాడు. నెల కింది మాట ఎత్తలేదు. "అన్నా, వచ్చే ఆదివారం ఏ పాట పాడుదం?" అన్నాడు.

"ముసలోళ్ళకు ఊపిరాడేది ఏదన్న చూస్త" అన్నాడు మా ఆయన.

మీ ఇల్లు పచ్చగా ఉండాలి. మీ పొయ్యి మీద పప్పు మాడకుండా, మీ పిల్లలు పస్తుండకుండా దేవుడు చూడాలి. మీ గడపలో ముసలివాళ్ళకు కూర్చున్న చోటు పోకూడదు, కొత్తగా వచ్చిన పిల్లకు కూర్చునే చోటు దొరకాలి. చల్లగా ఉండండి.