మంచులో నిలబెట్టిన బండి, ఎదురింటి ఫిట్టరు గారు

మీరు ఈరోజు ఎవరిని దొంగ అనుకుంటున్నారు? పేరు నాకు చెప్పకండి, మీ మనసులో అనుకోండి చాలు. నేనైతే ఒకాయన్ని మూడు నెలలు అలా అనుకున్నాను. ఆయన, మా ఎదురింటి ఫిట్టరు గారు, మొన్న మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ తాగుతూనే కన్నుమూశారు.

భీమడోలు వైపు బియ్యం మిల్లులో ఇంజన్ల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసి, దెందులూరులో మా వీధికి వచ్చి స్థిరపడ్డ మనిషి. నట్టు చేతికిస్తే ముందు వాసన చూసేవారు. యంత్రాలను కూడా మన్నించి మాట్లాడేవారు. మొరాయించిన మోటారు ముందు గొంతుక్కూర్చుని, "ఏవండీ, ఎక్కడండీ నొప్పి?" అని అడగడం నేను చెవులారా విన్నాను.

పోయిన నవంబరులో కొల్లేటి లంకలో ప్రార్థన కూటం ముగించుకుని వస్తూ చేపల చెరువు గట్టు మీద జారి పడ్డాను. కాలు విరిగింది. ఫిబ్రవరి దాకా బండి ఎక్కవద్దన్నారు. నాది ఒంటి గది అద్దె ఇల్లు, మోటారు సైకిలు పెట్టుకోను వసారా కూడా లేదు. ఆ బండి పాడైతే లంక గ్రామాలకు నా పరిచర్య ఆగిపోయినట్టే. అందుకని దాన్ని వీధిలో గోడ పక్కన నిలబెట్టి, చేపల మేత ఖాళీ సంచులు కలిపి కుట్టించి, పైన కప్పి కొబ్బరితాడుతో బిగించి కట్టాను. మంచు చుక్క దూరదని నా ధీమా.

"ఆ సంచులొద్దండీ," అన్నారు ఫిట్టరు గారు. "తవుడు వాసనకి ఎలకలొచ్చి వైర్లు కొరికేస్తాయి. పైగా లోపలి చెమ్మ బయటికి పోదండీ. ఇనుముకి కూడా ఊపిరాడాలి కదండీ."

సంచులు ఈయనకు కావాలేమో అనుకున్నాను. అపవాది, ఆ సైతాను, తియ్యగా మాట్లాడతాడని ఊరూరా బోధించేవాణ్ణి. అంత మెత్తని మాట నాకు అనుమానమే.

డిసెంబరులో ఒక ఉదయం కిటికీలోంచి చూద్దును గదా, మంచులో ఆయన నా బండి పక్కన! తాడు విప్పేసి ఉంది. చేతిలో సీసా. సీసాలో పెట్రోలు.

"ఏవండీ, ఏం చేస్తున్నారక్కడ?"

"కార్బొరేటరు ఖాళీ చేస్తున్నానండీ. నెలల తరబడి నిలవుంటే జిగురు కడుతుంది. ఇది మళ్ళీ ట్యాంకులోనే పోసేస్తాను."

"మిమ్మల్నెవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ అన్లేదండీ. పాపం, చలికి వణుకుతోందని..." అని నవ్వారు.

నేను నవ్వలేదు. "నా బండి జోలికి రాకండి," అన్నాను. "అలాగేనండీ," అని సీసా ట్యాంకులో ఒంపేసి వెళ్ళిపోయారు.

ట్యాంకు మూతకు తాళం ఎప్పుడో పాడైంది. ఆ రోజు నుంచి చీపురు ఈనె ముంచి పెట్రోలు కొలవడం మొదలుపెట్టాను. చంకకర్రల మీద కుంటుకుంటూ, బైబిలు తెరవక ముందే ఈనె చూసేవాణ్ణి. నేను ఏలూరు ఆసుపత్రికి వెళ్ళొచ్చిన మర్నాడు చూస్తే తడి గుర్తు దిగలేదు సరికదా, పైకి ఎక్కింది! ఇంకొకరైతే దేవునికి స్తోత్రం అందురు. నేను మాత్రం కిరసనాయిలు కలిపేశాడనుకున్నాను.

ఆ శనివారం మా వీధి కూటంలో మైకు పట్టుకుని, దొంగతనం మీద ఉన్న ఆజ్ఞ తీసి, గంటసేపు ఉతికి ఆరేశాను. "తెల్లారి మంచులో తిరిగే చేతులు దేవుడికి కనబడవనుకున్నావా?" అని అరుస్తూ ఎదురింటి వైపే వేలు చూపించాను. ఆయన తన అరుగు మీద కూర్చుని అంతా విన్నారు. లేచి లోపలికి పోలేదు. తర్వాత మళ్ళీ మా గోడ వైపు రాలేదు.

ఫిబ్రవరిలో కట్టు విప్పాక మెకానిక్కుని పిలిపించాను. సంచులు తియ్యగానే రెండు ఎలకలు దూకాయి. హెడ్‌లైటు వైరు పోయింది. మిగతా బండి చూసి అతను ఆగిపోయాడు.

"ఎవరండీ బాబూ, ఇంత శ్రద్ధగా చేసింది? చెమ్మ పట్టకుండా ట్యాంకు నిండా మంచి పెట్రోలు పోశారు. సిలిండర్లో ఆయిలు చుక్కలేశారు. చైనుకి గ్రీజు కూడానండీ!"

మూడో కిక్కుకు బండి పలికింది. ఎదురుగా అరుగు మీద ఆయన తలెత్తి, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నారు. మధ్యన పది అడుగుల వీధి. నేను దాటలేదు. మైకులో అన్నది మైకులోనే వెనక్కి తీసుకుంటాను, సంఘమంతటి ముందూ ఒప్పుకుంటాను అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాటను అనుమానించవలసింది. క్షమాపణను కూడా ప్రసంగం చేసుకోవాలని చూశాను! మూడు ఆదివారాలు గడిచాయి. ఇప్పుడు ఆ బండి మీదే లంకలకు వెళుతున్నాను. అది పలికిన ప్రతిసారీ దేవుణ్ణి, ఆ వెంటనే ఆయన్నీ తలుచుకుంటున్నాను.

అంత్యక్రియలయ్యాక ఆయన భార్య నన్ను గుమ్మం దగ్గర ఆపి అడిగింది. "అయ్యగారూ, ఆ వేళ మైకులో మీరన్నది మా వారినేనాండీ? నేనడిగితే, మనల్ని కాదులేవే అన్నారాయన."

"ఆయన్నేనమ్మా," అన్నాను. "నాదే తప్పు."

ఆమె ఒక చేత్తో తలుపు రెక్క పట్టుకుని, తెరవాలో మూయాలో తెలియనట్టు అలాగే నిలబడిపోయింది.

చదువుతున్న మీరు ఆదివారం దాకా ఆగకండి. ఒప్పుకోవలసిన మాట ఉంటే ఈ కాగితం పక్కన పడేసి, చెప్పులు వేసుకుని, ఇప్పుడే ఆ గుమ్మంలోకి వెళ్ళండి. ఆ మనిషి ఇంకా ఇంట్లో ఉండగానే వెళ్ళండి.