బట్ట మీది నెత్తురు ఎవరిది?

పుట్టి వారమైనా కాని నా బిడ్డ పసుపుగా దొడ్డికి వెళ్తున్నదల్లా ఒక ఉదయం మళ్లీ నల్లగా, జిగటగా వెళ్లింది. నాకు తేడాగా అనిపించింది. అప్పటికింకా బస్తర్ రాజ్యమే. మాది కొంటా దగ్గర శబరి ఒడ్డు. బొడ్డు ఊడేదాకా బాలింత, బిడ్డ గడప దాటకుండా వేరే పాకలో ఉండాలి. మా అత్త గడప బయటి నుంచే చూసింది.

"ఏంది నీ భయం? కడుపు శుద్ధి అయితాంది."

బట్ట మీద నెత్తురు మరక చూపించాను.

"అది నీదే. బాలింతవు గదా!"

నిజమే, ఇద్దరం ఒకే బట్ట మీద పడుకున్నాం. ఎవరి నెత్తురని చెప్పను? అత్త మాట నమ్మాలని ఉంది, నమ్మబుద్ధి కావడం లేదు.

విసుగొచ్చి, విస్తరికి తెచ్చిన అడ్డాకులు పరిచి బిడ్డను వాటి మీద వేరుగా పడుకోబెట్టాను. "అన్నం తినే ఆకుల మీదనా!" అని అత్త గోల చేసింది. కాసేపటికి బొడ్డు దగ్గర నుంచి ఆకు మీదికి ఎర్రగా కారింది. గడప దాటొద్దన్న ఆ మనిషే నా భర్తను కేకేసింది.

"పడవ చూడురా, జల్ది!"

నది అవతల ఆస్పత్రిలో డాక్టరమ్మ, "హెమరేజిక్ డిసీజ్. విటమిన్ కె తక్కువ" అంది. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"నేనేం తినకపోతే గిట్లయిందమ్మా?"

"నీ తప్పు కాదు. రక్తం గడ్డకట్టించే ఆ విటమిన్ పుట్టిన బిడ్డలందరిలో తక్కువే ఉంటుంది. కొందరికే ఇలా ఎందుకవుతుందో మాకూ సరిగా తెలియదు."

డాక్టరమ్మకే తెలియకపోతే నేనెవరిని అడగాలి?

ఇంజెక్షన్ ఇచ్చారు. సూది గుచ్చిన చోట కూడా నెత్తురు ఆగలేదు. చేజేతులా చంపుకోవడానికి తెచ్చానా అని ఏడ్చాను. మందు పనిచేయడానికి కొన్ని గంటలు కావాలని, బిడ్డ బాగా పాలిపోయిందని చెప్పి, నా భర్త రక్తం పరీక్షించి బిడ్డకు ఎక్కించారు. మర్నాటికి బొడ్డు పొడిగా ఉంది. బిడ్డ పాలకు ఏడ్చింది. సంతోషించాలో భయపడాలో తెలియక ఊరికే చూస్తూ కూర్చున్నాను.

నా బిడ్డకే ఎందుకలా జరిగిందో ఇప్పటికీ అంతుపట్టదు. తెలిసిందొక్కటే చెబుతాను. బిడ్డ పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ వేశారా అని నోరు తెరిచి అడగండి.

ఇరవై ఏళ్లు దాటాక ఆ కూతురే గనుల టౌన్‌షిప్ ఆస్పత్రిలో కన్నది. నర్సు సూది తెస్తే, "పసిగుడ్డుకు అప్పుడే సూదేంది?" అని మీదికి లేచింది.

"నీకు పుట్టంగనే వేసేటోళ్లు లేకపోయిరి. మీ నాయన నెత్తురు పోసి నిన్ను దక్కించుకున్నం" అన్నాను.

అది సూది వేయించడానికి బిడ్డ కాలు తనే కదలకుండా పట్టుకుంది.