బెర్నిస్ ఎడమ చెయ్యి

యూకాన్ నది ఒడ్డున మా ఊరి నుంచి విమానం లేవాలంటే బెర్నిస్ ఎడమ చెయ్యి ఒప్పుకోవాలి. అరవై రెండేళ్ల ఆ మహాతల్లి ఎంత చలిలోనైనా నిచ్చెనెక్కి, చేతితొడుగు తీసి, రెక్కను ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిమురుతుంది. కుడి చెయ్యి పూసలు కుట్టడానికట, దాన్ని గడ్డకట్టించుకోదు. జీతం చీపురుతో మంచు ఊడ్చినందుకే, పెత్తనం మాత్రం ఉచితం. టపా సంచులు మోసుకొచ్చే పని నాది కాబట్టి పైలట్లతో ఆమె తగువులన్నీ నా కళ్లెదుటే.

మార్చిలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు పోటీకి బయల్దేరింది. బెర్నిస్ మనవరాలు నెట్టీ అందులో ఉంది. పన్నెండింటికల్లా చేరకపోతే మొదటి ఆట ఆడకుండానే ఓడినట్టు.

సామాను ఎక్కిస్తుండగా మంచు కురిసింది. పైలట్ గ్లెన్ రెక్కలు ఊడ్చేశాడు.

"రాత్రంతా వెచ్చటి షెడ్డులో ఉంచానత్తా. చూడు, అద్దంలా ఉంది!"

బెర్నిస్ చెయ్యి మధ్యలో ఆగింది. "అద్దమట! గరుకు కాగితంలా ఉందిరా. వెచ్చటి రెక్క మీద మంచు కరిగి మళ్లీ గడ్డకట్టింది. నువ్వు పైపైన ఊడ్చావు."

"అంత పలచటిది పరుగులోనే ఊడిపోతుందిలే."

"ఊడేది నీ ప్రాణం. గరుకు రెక్కని గాలి మొయ్యదు. చెట్లదాకా లేస్తావు, ఆపైన దేవుడే మొయ్యాలి."

"అమ్మమ్మా, పరువు తియ్యకు!" నెట్టీ ఏడుపు గొంతుతో అరిచింది.

నిజం చెప్పొద్దూ, నేనూ గ్లెన్ వైపే. బెర్నిస్ బకెట్టు బోర్లించుకుని ముందు చక్రానికి అడ్డంగా కూర్చుంది. ఇక చేసేదేముంది? విమానం షెడ్డులోకి వెళ్లింది. మంచు కరిగించి, తుడిచి ఆరబెట్టి, రెక్కలు చల్లారాక బయటికి తెచ్చేసరికి పన్నెండు దాటింది. మొదటి ఆట పోయింది. నెట్టీ అమ్మమ్మ మొహం చూడకుండా విమానమెక్కింది.

ఆ సాయంత్రం బెర్నిస్ పూసలు ముట్టలేదు. "మళ్లీ నన్ను అమ్మమ్మా అంటుందంటావా?" అని నన్నడిగింది. నేను పూసల డబ్బా ఆమె దగ్గరికి జరిపాను.

మూడోరోజు జట్టు తిరిగొచ్చింది. గ్లెన్ దిగుతూనే అన్నాడు: "అత్తా, అక్కడ ఎక్కండర్రా అంటే నీ మనవరాలు ఎవరినీ ఎక్కనివ్వలేదు. నిచ్చెన తెప్పించి, తొడుగు తీసి, రెక్కంతా తడిమింది."

"ఏ చేత్తో?"

"కుడి."

"బుద్ధిలేని పిల్లా! బంతి వేసే చెయ్యి కదే అది!" తిడుతూనే కళ్లు తుడుచుకుంది బెర్నిస్.

"ఈసారి ఎడమదే పెడతాలే, అమ్మమ్మా," అంది నెట్టీ.