కరుణ కాలు, సువార్తమ్మ ఉపవాసం

అది 2009. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. ఏలూరు పవర్‌పేటలో ఒక ఎముకల డాక్టరుగారి క్లినిక్‌లో, వెనక గదిలో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్లు దగ్గర పడుతుండటంతో ఊళ్లో ఎటు చూసినా పరుగే. తెల్లవారకముందే తమ్మిలేరు గట్టు మీద, స్టేడియంలో, బైపాస్ రోడ్డు మీద కుర్రాళ్లూ ఆడపిల్లలూ గుంపులుగా పరుగెత్తేవారు. పొద్దెక్కాక వాళ్లలో కొందరు కుంటుకుంటూ నా గదికి వచ్చేవారు. వాళ్ల బూట్లు చూస్తే నాకు ఒళ్లు మండేది. పల్చటి కాన్వాస్ బూట్లు, అడుగున అట్టముక్క పాటి మందం కూడా ఉండదు. వాటితో తారురోడ్డు మీద మైళ్లకు మైళ్లు!

కరుణ కూడా అలాంటి బూట్లతోనే వచ్చింది. కొల్లేరులో ఒక లంక గ్రామం పిల్ల. ఊళ్లో చేపల చెరువుల గట్ల మీద ఉత్తకాళ్లతో పరుగెత్తడం అలవాటు. సెలక్షన్ల కోసం ఏలూరులో పిన్ని ఇంటికి వచ్చి, మెత్తటి మట్టి వదిలి ఒక్కసారిగా తారురోడ్డు ఎక్కింది. తండ్రి లేడు. తల్లి సువార్తమ్మ రొయ్యల షెడ్డులో ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు వలుస్తుంది. ఉద్యోగం వస్తే తల్లి చేత ఆ పని మాన్పించాలన్నది కరుణ కోరిక. ఈసారి తప్పితే వయసు పరిమితి దాటిపోతుంది.

మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కుతూ వెళ్లాను. ఒక్కచోట మాత్రం ఉలిక్కిపడి నా చెయ్యి పట్టేసుకుంది. ఒంటికాలి మీద గెంతమన్నాను. దీన్ని మేము హాప్ టెస్ట్ అంటాం. గెంతలేకపోయింది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు కానీ డాక్టరుగారికీ నాకూ స్ట్రెస్ ఫ్రాక్చర్ అనే అనుమానం వచ్చింది. అంటే దెబ్బ తగిలి విరగడం కాదు, రోజూ అదురు పడి పడి ఎముక సన్నగా బీటవారడం. మొదట్లో అది ఎక్స్‌రేకు దొరక్కపోవచ్చు. విశ్రాంతి ఇస్తే అతుక్కుంటుంది. ఇవ్వకపోతే ఒకరోజు పూర్తిగా విరిగిపోవచ్చు.

ఆ పిల్ల మొహం మరీ పాలిపోయి ఉంది.

“పొద్దున్న ఏం తిన్నావు?” అని అడిగాను.

“ఇంకా ఏం తినలేదండీ.”

“మరి నిన్న?”

“సాయంత్రం ప్రార్థనయ్యాక తిన్నానండీ. శ్రమకాలం కదండీ, అమ్మా నేనూ ఉపవాసం ఉంటున్నామండీ.”

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజులనూ వాళ్లు శ్రమకాలం అంటారు. ఉద్యోగం కోసం తల్లి దేవుడికి మాటిచ్చిందట. నోటిఫికేషన్ పడ్డప్పటి నుంచి వారంలో సగం రోజులు ఉపవాసమే. శ్రమకాలం వచ్చాక రోజూ. పగలు మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ కడుపుతోనే పరుగు.

“నెలసరి సరిగ్గా వస్తోందా?”

తల దించుకుంది. “మూణ్ణెల్లయిందండీ రాక. పోన్లే, ప్రాక్టీసుకి అడ్డం లేదనుకున్నానండీ.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఒంటికి చాలినంత తిండి లేకుండా పరుగెత్తే ఆడపిల్లకు నెలసరి ఆగిపోతుంది, దాని వెనకే ఎముక బలం తగ్గుతుంది. తల్లిని తీసుకురమ్మన్నాను.

సువార్తమ్మ వచ్చింది. ఐసుకు నానీ నానీ వేళ్లు పాలిపోయి ఉన్నాయి. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

“ఉంటామని మాటిచ్చేశాం కదండీ. మధ్యలో ఎలా విడిచిపెట్టమంటారండీ?” అంది.

“మీ పాస్టరుగారిని ఒకసారి అడగండమ్మా. ఆయన సరేనంటేనే పెట్టండి” అన్నాను.

జబ్బు చేసిన పిల్ల తింటే దేవుడు కోపగించుకోడని ఆయన చెప్పారట. సువార్తమ్మ కూతుర్ని ఊరికి తీసుకెళ్లి, మనసొప్పక మనసొప్పకే పాలూ గుడ్డూ పెట్టడం మొదలుపెట్టింది. పరుగు ఆపేసి పూర్తిగా విశ్రాంతి తీసుకోవడంతో కొన్నాళ్లకు నొప్పి తగ్గింది. కరుణ హుషారుగా నా గదికి వచ్చి, సెలక్షన్లలో పరుగెత్తుతానని, కాలికి గట్టిగా టేప్ వెయ్యమంది.

“నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరమ్మా. ఇప్పుడు పరుగెత్తితే విరుగుతుంది. ఈసారికి వదిలెయ్.”

“వచ్చేసారికి వయసుండదండీ. ఒక్క పరుగేనండీ. తర్వాత మీరు ఎన్నాళ్లు పడుకోమంటే అన్నాళ్లు పడుకుంటానండీ.”

నేను టేప్ వెయ్యలేదు. డాక్టరుగారు పిలిచి కేకలేశారు కూడా. అయినా వెళ్లింది.

అందరికంటే ముందు పరుగెత్తిందట. చివరి రౌండు మలుపులో పడిపోయింది. పక్కన పరుగెత్తే పిల్లలు ఎముక విరిగిన చప్పుడు విన్నామని తర్వాత నాతో చెప్పారు.

ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రికి చూడటానికి వెళ్లాను. సువార్తమ్మ మంచం అంచున కూర్చుని కూతురికి అన్నం కలిపి పెడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

“మేడమ్ గారూ, నిజం చెప్పండి. ఉపవాసం మధ్యలో విడిచినందుకేనాండీ నా పిల్లకి ఇలా అయింది?”

“కాదమ్మా, ఉపవాసం ఉన్నందుకు” అన్న మాట నా నోటి దాకా వచ్చింది. అదే నిజం. ఆ నిజం చెప్పేస్తే నా భారం దిగుతుంది, ఆవిడ మాత్రం బతికినన్నాళ్లూ దాన్ని మొయ్యాలి. కరుణ నావైపే చూస్తూ, వద్దన్నట్టు తల ఊపింది.

“నేనే మాట వినలేదమ్మా. మేడమ్ గారు పరిగెత్తొద్దనే అన్నారు” అంది తల్లితో.

సువార్తమ్మ నమ్మలేదు. మళ్లీ కూర్చుని ముద్ద అందించింది. “మీరు తిన్నారామ్మా?” అని అడిగాను.

“దాని కాలు అతికేదాకా పగలు తిననండీ. ఈసారి దాన్ని కలపలేదండీ, నేనొక్కదాన్నే మాటిచ్చాను.”

ఆ రోజు ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఏడ్చాను.

కాలు అతికింది. వయసు దాటిపోయింది. వానలు పడేనాటికి కరుణ కూడా తల్లి పక్కన షెడ్డులో నిలబడి రొయ్యలు వలుస్తోందని వాళ్ల పిన్ని చెప్పింది.

ఇప్పటికీ పరుగెత్తి కాలు నొప్పని ఆడపిల్ల ఎవరైనా వస్తే బూట్లు తర్వాత చూస్తాను. ముందు ఏం తిన్నావని అడుగుతాను. వెంట తల్లి వస్తే, ఆవిడనూ అడుగుతాను.