నాయనమ్మ తోమిన బల్లేలు

మా కోడలు ఇనప పెనానికి చింతపండు పట్టించి తోముతున్నప్పుడు వచ్చే ఆ పుల్లని తుప్పు వాసనకి ఈ వయసులో కూడా అక్కడ కూర్చోలేను. వంటింట్లోంచి లేచి వీధరుగు మీదకి పోయి కూర్చుంటాను.

నా చిన్నప్పుడు మేం ఏలూరులో ఉండేవాళ్ళం, పొలం మాత్రం పెదవేగిలో. అక్కడి దిబ్బల్లో నాగలి దిగితే చాలు, ఏనాటి రాజులవో బల్లెపు మొనలు, బాకులు, బాణపు ములుకులు పైకొచ్చేవి. పాలేర్లు గట్టు మీద పారేసిన వాటిని నాన్నగారు కండువాలో మూటగట్టి తెచ్చుకుని, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు చాప మీద పేర్చుకునేవారు. తుప్పు పొరల కింద అసలు ఆయుధం ఎలా ఉండేదో ఊహించి, బొగ్గుతో గోడ మీద గీసి, మస్తాను సాయిబు గారి కొలిమిలో అలాంటిదే కొత్తది కొట్టించేవారు. సెలవు రోజుల్లో నన్నూ తీసుకెళ్ళేవారు. కొలిమితిత్తి బుసలు, కాలిన ఇనుము నీళ్ళలో పడి చుయ్యిమనడం, సాయిబు గారింట్లోంచి సేమియా పాయసం వాసన, నాకవే పండగ. నాయనమ్మ మాత్రం "ఎవరి పిచ్చి వారికానందం" అని నవ్వేది.

ఒక ఏడాది దసరాల్లో, అష్టమినాడు, సాయిబు గారు పరుగున వచ్చారు.

"ఏవండీ, కొత్తగా వచ్చిన సబిన్‌స్పెక్టరు గారు కొలిమి దగ్గరికొచ్చారండీ. ఈ బల్లేలు ఎవరికని అడిగారు. మీ పేరు చెప్పక తప్పలేదండీ. రేపు మీ ఇంటికొస్తానన్నారు."

అవి తెల్లదొరల మీద జనం తిరగబడుతున్న రోజులు. లైసెన్సు లేకుండా ఇంట్లో కత్తో బల్లెమో ఉందంటే జైలే. అమ్మకి అన్నం సయించలేదు. నాన్నగారు మాత్రం ధీమాగా, "భయమెందుకు? పాతవాటి పక్కన కొత్తవి పెట్టి చూపిస్తాను. ఆ తుప్పు చూస్తే అవి పురాతన వస్తువులని, ఇవి వాటి నకళ్ళని ఆయనకే అర్థమౌతుంది" అన్నారు.

మర్నాడు ఆయుధపూజ. కొడవలి, గునపం, కత్తిపీట, ఇనుమన్నది ఏదైనా ఆ రోజు తోమి బొట్టు పెట్టాల్సిందే. మేం లేచేసరికి నాయనమ్మ, రాత్రే చింతపండు పులుసులో నానేసిన ఆ చాప మీది పాతవీ, సాయిబు గారు కొట్టిన కొత్తవీ అన్నిటినీ నూతి దగ్గర ఇటుకపొడితో తళతళలాడేలా తోమి, పసుపు కుంకుమ పెట్టి వరసగా నిలబెట్టేసింది. ఎన్ని వందల ఏళ్ళదో ఆ తుప్పు, ఎర్రటి బురదై కాలవలోకి పారుతోంది.

"తుప్పు పట్టినవాటికి పూజేంట్రా అబ్బాయ్? లక్ష్మి నిలుస్తుందా?" అంది, కొడుకు మెచ్చుకుంటాడని చూస్తూ.

నాన్నగారు ఒక బాకు చేతిలోకి తీసుకుని అలాగే కూలబడ్డారు. "ఏది పాతదో నాకు తెలుసమ్మా. ఆయనకెలా చెప్పను?"

పొయ్యి మీది బూరెల వాయి అలాగే వదిలేసి, అమ్మ అన్నిటినీ గోనెసంచిలోకి ఎత్తింది. సంచిని బండిలో గడ్డి కింద పెట్టి, అనుమానం రాకుండా కొత్త పరికిణీతో నన్ను దాని మీద కూర్చోబెట్టారు. ఎవరడిగినా కైకలూరు అత్తయ్యగారింటికి పండక్కి వెళ్తున్నామని చెప్పాలి. దూరంగా పోలీసు ఎర్ర తలపాగా కనిపించిందంటే పరికిణీ కుచ్చెళ్ళు గడ్డి మీద ఇంకాస్త పరుచుకునేదాన్ని. ఏదో మొన గడ్డిలోంచి తొడకి గుచ్చుకుంటున్నా కదల్లేదు. కొల్లేటి ఒడ్డున దోనె ఎక్కి, తామరాకులు దాటాక, నాన్నగారు ఒక్కొక్కటే నీళ్ళలోకి వదిలారు. చివరిది వదిలి ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

సబిన్‌స్పెక్టరు ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. వీధిలో బూట్ల చప్పుడైతే చాలు, అమ్మ తలుపు గడియ వేసేది. దీపావళి వెళ్ళాక ఆయనకి బదిలీ అయిందని తెలిసింది. నాన్నగారు మళ్ళీ ఆ దిబ్బల వైపు చూడలేదు.

ఇప్పుడు కొల్లేట్లో ఆ తామరాకులు లేవు, దోనెలు లేవు. కైకలూరు దారి పొడవునా చేపల చెరువులే. మొన్న అక్కడే ఏదో చెరువు తవ్వుతుంటే తుప్పు పట్టిన బల్లేలు బయటపడ్డాయని, ఏ రాజుల కాలం నాటివోనని పేపర్లో ఫోటో వేశారు. కళ్ళజోడు తుడుచుకుని ఎంతసేపు చూసినా, వాటిలో ఏది పెదవేగి దిబ్బదో, ఏది సాయిబు గారు కొట్టిందో పోల్చుకోలేకపోయాను. చెప్పగలిగిన మనిషి ఒక్కరే. ఆయన లేరు.